భోషాణాలూ బీరువాలూ

పాత సామాను అనే మాటకి మా చిన్నతనంలో ఒకటే అర్థం. వీధిలో కేకేసుకుంటూ వచ్చే బండివాడికి ఇచ్చేసి, బదులుగా ఓ ప్లాస్టిక్ బక్కెట్టో, రెండు స్టీలు గిన్నెలో పుచ్చుకునేది పాత సామాను. ఇప్పుడు దానికే 'యాంటిక్' అని పేరు పెట్టారు. పేరు మారేసరికి బండివాడు ఏసీ గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. మనం బయట నిలబడి అద్దాల్లోంచి చూస్తున్నాం. ధర అడిగితే పైకి చెప్పడు కూడా, చీటీ మీద రాసి చూపిస్తాడు.

నాకు పాత చెక్కసామానంటే మోజే. మోజున్నవాళ్ళకి తెలివితేటలు కూడా వుంటాయని లోకం ఎందుకో నమ్ముతుంది. అందుకని తెలిసినవాళ్ళెవరు కొత్త ఫ్లాటులోకి మారినా, "నవలల్లో మండువా లోగిళ్ళు రాస్తావుగా, నువ్వొచ్చి చూసిపెట్టు" అని నన్ను వెంట తీసుకుపోతారు. నవలలో భోషాణం పెట్టడానికి లిఫ్టు తలుపు వెడల్పు చూసుకోనక్కరలేదండీ. ఇంట్లో పెట్టడానికే చూసుకోవాలి. అలా దుకాణాల వెంట తిరిగి తిరిగి నాలుగు సంగతులు మాత్రం ఒంటబట్టాయి.

మొట్టమొదట అందరూ "ఇది ఎన్నేళ్ళది?" అని అడుగుతారు. నేనైతే "ఇది ఎటు తెరుచుకుంటుంది?" అని చూస్తాను. నవ్వకండి, అసలు కిటుకంతా అందులోనే వుంది.

మన పాత ఇళ్ళల్లో గోడకి గూళ్ళుండేవి, పైన అటక వుండేది, ధాన్యానికి గాదె వుండేది. రోజూ కట్టుకునే బట్టలు దండెం మీద వేలాడేవి. ఇక దాచుకోవలసినవన్నీ పెట్టెల్లోనే. భోషాణం, కావిడిపెట్టె, తెలంగాణలో సందుగ, అన్నీ మూత పైకి లేచేవే. తలుపులు పక్కకి తెరుచుకునే సామాను మనకి తెల్లవాళ్ళతో వచ్చింది. మాటలే సాక్ష్యం. అల్మారా పోర్చుగీసువాళ్ళ మాట. బీరువా అన్నది ఫ్రెంచివాళ్ళ 'బ్యూరో'. వాళ్ళకది రాతబల్ల. మన దగ్గరకొచ్చి నిలబడి, తలుపులు పెట్టించుకుని, చీరలు నింపుకుంది.

పైకి తెరుచుకునే పెట్టెకీ పక్కకి తెరుచుకునే పెట్టెకీ స్వభావంలోనే తేడా వుంది. బీరువా రోజుకి పదిసార్లు తెరవడానికి చేసింది. భోషాణం వీలైనంతవరకూ తెరవకుండా వుండటానికి చేసింది. మా మేనత్త అత్తగారి భోషాణం ఆరడుగుల పొడుగు, మూడడుగుల ఎత్తు, నలుగురు మగవాళ్ళు పట్టినా కదలదు. దానిమీద బొంత పరుచుకుని ఆ ముసలావిడ పడుకునేది. మూత ఎత్తాలంటే బొంత తియ్యాలి, బొంత తియ్యాలంటే ఆవిడ లేవాలి. ఆవిడ లేవడమంటే ఇంట్లో ఎవరికో పెళ్ళి కుదిరిందన్నమాటే! తాళంకప్ప పేరుకే, అసలు తాళం ఆవిడే.

ఇప్పుడేం చేస్తున్నారంటే, అలాంటి భోషాణాన్ని తెచ్చి హాల్లో సోఫాల మధ్య టీబల్లగా వేస్తున్నారు. దానిమీద ఓ పూలకుండీ, రిమోట్లు, నాలుగు పుస్తకాలు, పిల్లాడి హోంవర్కు. లోపలున్న వస్తువు కావాలంటే ఇవన్నీ తియ్యాలి. తియ్యరు. ఆరు నెలలు పోయాక లోపలేముందో ఇంటావిడకే గుర్తుండదు. నా స్నేహితురాలొకామె ఇంట్లో కుక్కరు మూత కనబడక కొత్తది కొన్నాక, రెండేళ్ళకి టీబల్లలోంచి పాతది బయటపడింది!

కనుక ఏడాదికొకసారి తీసే వస్తువులుంటేనే భోషాణం జోలికి వెళ్ళండి. సంక్రాంతి బొమ్మలకొలువు బొమ్మలు, శీతాకాలం రగ్గులు, చుట్టాలొస్తే వేసే పరుపులు, పెళ్ళిళ్ళకి తప్ప తియ్యని పెద్ద ఇత్తడి గిన్నెలు, వీటికి దాన్ని మించినది లేదు. రోజూ కట్టే చీరలు మాత్రం అందులో పెట్టకండి. అడుగునున్న జాకెట్టు కోసం వంగి వంగి, నలభై దాటినవాళ్ళకి నడుం పట్టేస్తుంది. ఇది నేను నవలాకారిణిగా చెప్పడం లేదు, నడుమున్న మనిషిగా చెబుతున్నాను.

బట్టలు ఎక్కువగా వున్నవాళ్ళకి దారి చూపించినవాడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. హైదరాబాదు పురానీ హవేలీలో, ఇప్పుడు నిజాం మ్యూజియం వున్నచోట, ఆయన బట్టల బీరువాలు చూసి తీరాలి. భవనంలో ఒక పార్శ్వం పొడుగునా రెండంతస్తులుగా, రెండువైపులా వరసగా చెక్క బీరువాలే. పై అరలు అందుకోవడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టొకటి. కట్టిన బట్ట ఆయన మళ్ళీ కట్టేవాడు కాదని చెప్పుకుంటారు. మళ్ళీ కట్టనివాడికి దాచుకోవడం ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. మావారు మాత్రం ఆ బీరువాల ముందు నిలబడి నావంక అదోలా చూశారు.

సరే, దుకాణానికి వెళదాం. హైదరాబాదులో గురువారం గురువారం జరిగే జుమ్మెరాత్ బజారు వుంది. ఓపికున్నవాళ్ళకి తమిళనాట కారైక్కుడి, కేరళలో కొచ్చిన్ దగ్గర మట్టంచేరి వున్నాయి. ఎక్కడికి వెళ్ళినా ఒక సంగతి గమనించాను. ప్రతి పెట్టే నవాబుగారి దేవిడీలోంచో, జమీందారు కోటలోంచో, చెట్టియారు మేడలోంచో వచ్చిందే. మామూలు గుమాస్తా ఇంట్లోంచి వచ్చిన పెట్టె ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో మధ్యతరగతివాళ్ళు సామాను ఎక్కడ పెట్టుకునేవారో ఏమో!

అలాగే ప్రతి చెక్కా బర్మా టేకే. అందులో కొంత నిజముంది లెండి. కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి మనవాళ్ళు వేలమంది కూలికీ, వ్యాపారానికీ రంగూను వెళ్ళేవాళ్ళు. అక్కడ తెలుగువాళ్ళకి కోరంగీలనే పేరు పడింది. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు ఎంతోమంది కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగొచ్చారు, వున్నదంతా అక్కడే వదిలేసి. ఆ రాకపోకల రోజుల్లో బర్మా కలప ఓడల మీద మన తీరానికి వచ్చిన మాట వాస్తవమే. కానీ గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దింపిన మన్యం టేకు కూడా వుండేది. అది ఏ విధంగానూ తీసిపోలేదు. కనుక బర్మా అన్న పేరుకి అదనంగా డబ్బివ్వకండి. చేవకివ్వండి. టేకు చేవకి చెదపురుగు అంత సులువుగా నోరుపెట్టదు. చెట్టు పైపొరలో చేవలేని తెల్లచెక్క వుంటుంది చూడండి, పురుగు ముందు అక్కడే తొలుస్తుంది. మూత అంచులు, కాళ్ళ వెనకవైపు, పాలిపోయిన చార ఎక్కడైనా వుందేమో చూసుకోవాలి.

ముందువైపు చూసి మురిసిపోకూడదు, పెళ్ళిచూపుల్లాగే. సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. పెట్టెని గోడ దగ్గర్నుంచి జరిపించి వీపు చూడండి. చేత్తో చేసిన సొరుగు మూలల్లో రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి జొనిపినట్టు అతుకు వుంటుంది. ఇంగ్లీషులో డవ్‌టెయిల్ అంటారు. ఆ పళ్ళు ఒకటి లావుగా, ఒకటి సన్నంగా వుంటే మనిషి కోసినవి. అచ్చుగుద్దినట్టు వుంటే మిషను కోసినవి. మరమేకులు కూడా కబుర్లు చెబుతాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలానికి ముందు మరమేకుకి మొన వుండేది కాదు, మొండిగా వుండేది. తలమీద ప్లస్ గుర్తున్న మేకులు 1930లలో గానీ రాలేదు. "రెండువందల ఏళ్ళనాటిదమ్మా" అంటున్న పెట్టె బందులకి ప్లస్ మేకులు కనబడితే, బందులైనా తర్వాత వేసివుండాలి, పెట్టెయినా తర్వాత పుట్టివుండాలి. అడిగితే ఏదో ఒకటి ఒప్పుకుంటాడు.

పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు, ద్వారబంధాలు కోసి కొత్త బీరువాలు చేసి, పాతవని అమ్మడం ఎక్కువైంది. నన్నడిగితే అందులో తప్పులేదు. ఎండి ఆరిన టేకు, వంకర పోదు, బీటలివ్వదు. కొత్తదాని ధరకి ఇస్తే హాయిగా కొనుక్కోవచ్చు. తాతగారి పేరు చెప్పి మనవడికి తాతగారి ధర కట్టడమే బాగాలేదు.

సన్నటి చిల్లులు కనబడితే కంగారుపడకండి. పుచ్చు పురుగు ఎప్పుడో తొలిచి వెళ్ళిపోయిన గుర్తు కావచ్చు. పెట్టె కింద నల్లకాగితం పరిచి, చెక్కని నాలుగుసార్లు తట్టి, వారం రోజులు అలా వదిలెయ్యమనండి. కొత్తగా తెల్లటి పిండి రాలితే పురుగు ఇంకా కాపురం వుందన్నమాట. ఆ కాపురాన్ని మీ ఇంటికి తెచ్చుకుంటే తలుపులకీ కిటికీలకీ పాకుతుంది. ఇక పాలిష్ సంగతి. పాతవాటి మీద నీళ్ళచుక్క పడితే తెల్లమచ్చ కట్టేది లక్కని స్పిరిటులో కరిగించి గుడ్డతో రుద్దిన పాలిష్. దాన్ని గరుకు కాగితంతో గీకి పారేసి అద్దంలా మెరిసే వార్నీషు వేయిస్తారు కొందరు. ఎనభయ్యేళ్ళావిడకి రంగుపూసి పేరంటానికి పంపినట్టుంటుంది. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, ఏడాదికోసారి కాస్త మైనం రాస్తే చాలు.

అన్నట్టు, మన విశాఖపట్నం పెట్టెల సంగతి చెప్పకపోతే పాపం. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి వడ్రంగులు నల్లటి చెక్కల మీద దంతం పొదిగి, దానిమీద సన్నటి గీతలతో లతలూ భవనాలూ చెక్కి, ఆ గీతల్లో నల్లలక్క నింపి దొరలకి సొరుగుల బీరువాలు, నగలపెట్టెలు చేసిచ్చేవాళ్ళు. అవి ఓడలెక్కి వెళ్ళిపోయాయి. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వున్నాయి. మనం చూడాలంటే వీసా కావాలి! ఇక్కడెవరైనా దంతం పొదిగిన పెట్టె రహస్యంగా అమ్ముతామంటే వెనక్కి తిరిగి వచ్చెయ్యండి. మన దేశంలో ఏనుగుదంతం అమ్మకం చట్టవిరుద్ధం. అలాగే నూరేళ్ళు దాటిన కళావస్తువుల్ని విదేశాలకి తీసుకుపోవడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. డల్లాసులో వున్న మా పినతండ్రి కూతురు కావిడిపెట్టె పంపమని పోరుతోంది. "నూరేళ్ళదైతే చట్టం రానివ్వదు, నూరేళ్ళది కాకపోతే నువ్వు వద్దంటావు" అన్నాను.

ఇనప బీరువాల్ని ఎవరూ ఈ లెక్కలోకి తీసుకోరెందుకో. గోద్రెజ్ వాళ్ళు 1897లో తాళాలతో మొదలుపెట్టి 1923లో ఇనప బీరువాలు చెయ్యడం మొదలుపెట్టారు. తర్వాత ఏ కంపెనీ చేసినా మన ఇళ్ళల్లో దానిపేరు గోద్రెజ్ బీరువాయే అయిపోయింది. అమ్మావాళ్ళ బీరువా లోపలి చిన్న లాకరు, తలుపు తీస్తే వచ్చే కలరావుండల వాసన, పిడి తిప్పితే వినపడే ఆ బరువైన చప్పుడు. అవసరానికి నిలబడేది అదే. పుచ్చదు, చెద పట్టదు. ఇప్పుడు పాత ఆకుపచ్చ ఇనప బీరువాలకి కూడా 'వింటేజ్' అని గిరాకీ మొదలైందట. మీ ఇంట్లో వుంటే తొందరపడి తూకానికి వెయ్యకండి.

తూకమంటే గుర్తొచ్చింది. మా మేనత్త పెళ్ళి 1962లో జరిగింది. ఆ రోజుల్లో ఆడపిల్లకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ హక్కు వచ్చింది 1985 నుంచి, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. దేశమంతటా వచ్చింది 2005లో. అత్తయ్యకి పుట్టింటివాళ్ళిచ్చింది ఓ కావిడిపెట్టె, అందులో సారె. తాళంచెవి బొడ్లో దోపుకుని కోనసీమలో కాపురానికి వెళ్ళింది. ఆ పెట్టె ఏ వరదలోనో పోయింది. అత్తగారు పోయాక ఆవిడ భోషాణమూ, దాని మీద పడకా, తాళంచెవీ అత్తయ్యకి వచ్చాయి. నలభయ్యేళ్ళు దానిమీదే పడుకుంది.

ఈమధ్య మా బావ ఊళ్ళో ఇల్లు అమ్మేసి ఆవిడని హైదరాబాదు తీసుకొచ్చేశాడు. నాలుగో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు తలుపు రెండున్నర అడుగులు. మెట్ల మలుపులో భోషాణం తిరగదు. అందుకని దాన్ని అక్కడే ఒకాయనకి ఇచ్చేశాడు. తల్లి బెంగపెట్టుకుంటుందేమోనని, ఆవిడ గదిలో పెట్టడానికి ఒక మంచి పాతకాలపు బీరువా కొందామని మొగుడూ పెళ్ళాం బయల్దేరారు. చూసిపెట్టడానికి యథాప్రకారం నేను. అత్తయ్య కూడా వస్తానంది. ఎవరూ వద్దనలేకపోయారు.

దుకాణంలో అడుగుపెడుతూనే ఎదురుగా ఓ భోషాణం. అచ్చం ఆవిడదాంట్లాంటిదే, కాకపోతే కాస్త చిన్నది. అత్తయ్య దానిమీద చెయ్యివేసి, "బాబూ, ఇదెంత?" అంది. కుర్రాడు చీటీ రాసిచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని సున్నాలు లెక్కపెట్టి, "ఒరే, మనదెంతకిచ్చావురా?" అంది. బావ గోడమీద వేలాడుతున్న పాత గడియారం వంక శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

"నా పెట్టె అమ్మేసి ఇంకోళ్ళ పెట్టె కొంటున్నాడే వీడు" అంది నాతో, నవ్వుతూనే.

వాళ్ళు ఎంచిన బీరువా నిజంగా బాగుంది. నేను సొరుగులు తిరగేసి చూశాను, పళ్ళు చేత్తో కోసినవే. టేకు చేవ చక్కగా నల్లబడి వుంది. రెండు తలుపులకీ పాతకాలపు అద్దాలు. "అత్తయ్యగారూ, మీ దేవుడి వెండి సామాను, పుస్తకాలు ఇందులో పెట్టుకుంటే ఎంత అందంగా వుంటుందో చూడండి" అంది మా బావ భార్య. పాపం, ప్రేమగానే అంది.

అత్తయ్య అద్దంలోంచి లోపలికి చూసింది. తలుపు తీసి వేసింది. గొళ్ళెం చిన్న ఇత్తడి గుండీ. తాళం లేదు.

"బాగుందమ్మా. కానీ ఇందులో పెట్టినవి వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడతాయి. నేనేమన్నా మ్యూజియమా?" అంది.

"నీకు దాచుకోవలసినవి ఏమున్నాయే అమ్మా, ఇంట్లో మనమేగా" అన్నాడు బావ.

దానికి అత్తయ్య ఏమీ అనలేదు. నేను కూడా అనలేదు గానీ, ఆవిడ భోషాణం ఖాళీ చేసిన రోజు నేను అక్కడ వున్నాను. ఇత్తడి సామాను, పట్టుచీరలు అందరూ చూశారు. అడుగున ఓ పాత దిండుగలీబులో మూటకట్టి వున్నవి ఆవిడ ఎవరికీ చూపించలేదు. చేతిసంచిలో పెట్టుకుంది. ఫ్లాటుకి వచ్చిన రోజు నుంచీ ఆ సంచి తలగడ కింద పెట్టుకునే పడుకుంటోంది. కొడుకూ కోడలూ ఎంత మంచివాళ్ళయినా, తనకంటూ తాళం పడే చోటొకటి ఆ ఇంట్లో ఆవిడకి లేదు. నాలుగు గదుల్లోనూ గోడంతా అరలే, ఒక్కదానికీ తాళంచెవి లేదు.

నాకీ సంగతి అప్పుడే తట్టి, దుకాణం వెనకవైపు వెతికాను. ఓ మూల, మడతకుర్చీల కింద, రెండడుగుల పొడుగు చెక్కపెట్టె ఒకటి దొరికింది. నవాబులదీ కాదు, జమీందారులదీ కాదు. దానికి కథ కూడా ఏమీ చెప్పలేదు కుర్రాడు. చెక్క మామూలు టేకు, మూతకి ఒక చిన్న బీట, లోపల ఒక మూల చిల్లర వేసుకునే అర. ఇనప గొళ్ళెం మాత్రం ఉక్కుముక్కలా వుంది. అత్తయ్య మంచం కిందకి సరిపోతుందని జానతో కొలిచి చూసింది. తాళంకప్ప వేసి, లాగి, తీసి, మళ్ళీ వేసింది.

"ఇది చాలు" అంది.

"ఇదేమిటమ్మా, అంత మంచి బీరువా వుండగా" అని బావ ఇంకా ఏదో అనబోయాడు. ఆవిడ వినిపించుకోకుండా దుకాణం కుర్రాడితో బేరం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. చెప్పిన ధరలో మూడోవంతు తగ్గించి, తాళంకప్ప దానితోపాటే ఇవ్వాలంది. కుర్రాడు నవ్వుతూ తాళంకప్ప, దానితో వచ్చిన రెండు తాళంచెవులు ఇచ్చాడు.

"ఒకటి నా దగ్గరుంచనా, పోతే ఇబ్బంది కదా" అని బావ చెయ్యి చాపాడు.

అత్తయ్య రెండూ కలిపి కొంగుకి ముడేసుకుంది.